పొగ మానిన గొంతు

రిపెకా నలభై ఏళ్ళు సిగరెట్లు తాగింది గానీ ఒక్క సిగరెట్ చుట్టడం కూడా ఆమెకు చేతకాదు. ఆ సంగతి మొగుడు పోయాక బయటపడింది.

పరతెనె ఉన్నన్నాళ్ళూ చుట్టే పని అతనిదే. మరాయేలో, అంటే ఊరందరికీ ఉమ్మడి అయిన సభ ఇంటి ఆవరణలో, వంటసావిడి వెనక, వాననీళ్ళ ట్యాంకు పక్కన ఒక పొడుగాటి బల్ల ఉంది. సభ ఇంటి ముందు పొగ తాగకూడదని ఊరు కట్టడి చేసుకున్న దగ్గర్నుంచీ తాగేవాళ్ళ చోటు అదే. పెళ్ళయినా చావైనా, వచ్చినవాళ్ళకు వండి వార్చే పని మధ్యలో మొగుడూ పెళ్ళాం అక్కడికి వచ్చి కూర్చునేవాళ్ళు. అతను తొడ మీద కాగితం పరిచి, చిటికెడు పొగాకు పెట్టి, బొటనవేళ్ళతో దొర్లించి, అంచు నాలుకతో తడిపి అంటించేవాడు. మొదటిది ఆమెకు. రెండోది తనకు. అవి కాలినంతసేపే కబుర్లు. "పదవే, చిలగడదుంపలు వాటంతటవి తొక్క తీసుకోవు" అని అతను పీక నలిపేశాడంటే కబుర్లు అయిపోయినట్టు.

చివరి రోజుల్లో ఊపిరితిత్తులు చెడిపోయి, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం తగిలించుకున్నాక అతను తాగడం మానాడు గానీ చుట్టడం మానలేదు. మంచం మీద కూర్చుని ఆమె కోసం చుట్టి కిటికీలోంచి అందించేవాడు.

"దూరంగా పోయి ముట్టించుకో. ఇల్లు పేలిపోయిందంటే నా చావుకి వచ్చినవాళ్ళు నిన్ను తిట్టిపోస్తారు" అనేవాడు.

ఇల్లు పేలలేదు. ఆకులు రాలే కాలంలో అతనే పోయాడు.

శవాన్ని మూడు రోజులు సభ ఇంట్లో ఉంచి ఏడుస్తారు. పెళ్ళాం పెట్టె పక్కనే కూర్చోవాలి. వచ్చినవాళ్ళతో మాట్లాడే పని ఆమెది కాదు, ఏడవడం ఒక్కటే ఆమె పని. ఆఖరి రోజు పొద్దున్నే ఉత్తరాన హోకియాంగా నుంచి, పరతెనె పుట్టిన ఊరివాళ్ళు బస్సు దిగారు. ముందు నడుస్తున్నది అతని అక్క ఎరానా. మా పిల్లాణ్ణి మాకిచ్చెయ్యండి అని అడగడానికి వచ్చారు. అందులో తప్పేమీ లేదు. శవం కోసం పోట్లాడితేనే పోయినవాడికి మర్యాద. అడగకపోతే వాడు ఎవరికీ అక్కరలేనివాడని అర్థం. మామూలుగా వాళ్ళు అడుగుతారు, వీళ్ళు కుదరదంటారు, అందరూ కలిసి ఏడ్చి, కడుపునిండా తిని వెళ్ళిపోతారు.

ఆ రోజు అలా జరగలేదు. వచ్చినవాళ్ళను గేటు దగ్గర్నుంచి లోపలికి తీసుకురావాల్సింది ఆడమనిషి పిలుపు. ఆ ఇంట్లో పిలిచే గొంతు కుయినీ పిన్నిది. ఆమెకు ఎనభై దాటాయి. వణుకుతూనే మొదలుపెట్టింది, సగంలో గొంతు జీరపోయింది, ఇంకో మాట పైకి రాలేదు. గేటు దగ్గర అంత జనమూ తలలు వంచుకుని నిలబడ్డారు. ఎవరూ అందుకోలేదు. అందుకునే గొంతు ఇంకొకటి ఆ ఊళ్ళో లేదు.

తర్వాత మాటలు మొదలైనప్పుడు ఎరానా లేచి, రిపెకా వైపు చూడకుండానే అంది:

"పిలిచే గొంతు లేని ఇంట్లో నా తమ్ముణ్ణి ఎలా వదిలిపెట్టమంటారు? రేపు వాడి కోసం ఎవరైనా వస్తే ఏం చేస్తారు, ఈల వేస్తారా?"

ఈ వైపు పెద్దలు శవాన్ని వదులుకున్నారు. మధ్యాహ్నానికి పరతెనెను బస్సు వెనక వ్యానులో ఎక్కించుకుని ఉత్తరానికి తీసుకుపోయారు. రిపెకా కూడా వెళ్ళింది, మట్టి వేసింది, చేతులు కడుక్కుంది, తిరిగి వచ్చింది. రోజంతా ప్రయాణం చేస్తే గానీ చేరుకోలేనంత దూరంలో అతను పడుకున్నాడు.

ఇంటికొచ్చిన వారానికి కుయినీ పిన్ని కర్ర పొడుచుకుంటూ బల్ల దగ్గరికి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"వచ్చే ఏడు వాళ్ళు వాణ్ణి తెస్తారు. ఫొటో మోసుకుని మన గేటు దగ్గర నిలబడతారు. ఏడ్చిన ప్రతి ఇంటికీ తిప్పి చూపించడం వాళ్ళకీ ఆనవాయితీ, మనకీ ఆనవాయితీ. ఎవరు పిలుస్తారే?"

"నువ్వే గదా పిన్నీ."

"నేనా? మొన్న చూశావుగా. పళ్ళసెట్టు ముందు బయటికొస్తుంది, పిలుపు తర్వాత వస్తుంది. నువ్వు పిలవాలి."

"సొంత మొగుణ్ణి సొంత పెళ్ళాం పిలవడం ఎక్కడైనా ఉందా?"

"ఎక్కడా లేదు. ఎక్కడైనా ఇంకో ఆడది ఉంటుంది, ఇక్కడ నువ్వే ఉన్నావు. చావులో నోరు మూసుకు కూర్చున్నావు, అది రివాజు. వాణ్ణి తీసుకుపోయారు. ఇప్పుడు తెస్తున్నారు. ఈసారైనా నోరు తెరువు."

రిపెకా నోరు తెరిచింది. పిన్ని చెప్పినట్టు ఒక్క ఊపిరిలో ఒక్క మాట సాగదీయబోయింది. మాట ముంగిలి దాటకుండానే దగ్గు తెర ముంచుకొచ్చి, ట్యాంకు గోడ పట్టుకుని వంగిపోయింది. ముసలామె ఆ దగ్గు ఆగేదాకా కదలకుండా చూసి, "ముందు ఆ పొగ మానెయ్" అని లేచిపోయింది.

మానడం మాటలా? ఆ సాయంత్రమే రిపెకా పరతెనె పొగాకు సంచీ తీసి తొడ మీద కాగితం పరిచింది. ఎన్ని వేలసార్లు చూసిన పని. వేళ్ళు మాత్రం అది నేర్చుకోలేదు. ఒకటి మధ్యలో ఉబ్బింది, ఇంకొకటి దొర్లిస్తుండగానే ఊడి పొగాకంతా ఒళ్ళో పడింది. ఆఖరికి ఏదో అల్లం కొమ్ములాంటిది తయారైంది. ముట్టిస్తే ఒకవైపే భగ్గుమని కాలి కనుబొమ్మలు కమిలాయి.

బల్ల మీద కూర్చునే పిరిపి బావ అది విని జాలిపడి, మర్నాడు తను చుట్టి ఇవ్వబోయాడు.

"ఇదిగో, పట్టు. నా చేతివి కూడా బాగానే కాల్తాయిలే."

ఆమె తీసుకుంది. అంచు ఇంకా తడిగా ఉంది. నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. ఆ కాగితం ఇంకొకడు నాలుకతో తడిపింది. నలభై ఏళ్ళలో ఆమె పెదవులకు తగిలిన తడి ఒక్కడిదే. అది ఆమెకు అప్పటిదాకా తట్టనేలేదు. దాన్ని బావ చెవి సందున పెట్టేసి లేచిపోయింది.

చెల్లెలి కూతురు వైమరీ ఊరి దవాఖానాలో నర్సు. సిగరెట్ మానాలనుకునేవాళ్ళను చూసుకోవడమే దాని ఉద్యోగం. అది ఒక వేప్ తెచ్చి పెద్దమ్మ చేతిలో పెట్టింది. వేలెడంత ఉంది, వెండి రంగు, పక్కన చిన్న దీపం.

"ఇందులో పొగాకు లేదు, నిప్పు లేదు, మసి లేదు. సిగరెట్లో నిన్ను లాగే మందు మాత్రం ఉంటుంది. అందుకే నీకు వెర్రెత్తకుండా ఉంటుంది" అంది.

"అయితే మంచిదేనా?"

"మంచిదని నేననను పెద్దమ్మా. పొగ కంటే తక్కువ చెడ్డది. ముందు దీంతో పొగ మానెయ్. తర్వాత మెల్లిగా మందు తగ్గించుకుంటూ దీన్నీ మానేద్దువుగాని. రెండూ కలిపి తాగావో, నేనే వచ్చి లాక్కుంటా."

అందులో పోసే రసాల్లో మొదటిది మామిడిపండు వాసన. కుయినీ పిన్ని ముక్కు ఎగబీల్చి, ఇంట్లో పిల్లలెవరో మిఠాయిలు దాచుకున్నారని అరలన్నీ వెతికింది. రెండోది పొగాకు వాసనేనని సీసా మీద రాసి ఉంది. రిపెకా ఆశగా పీల్చింది. మాడిన బిస్కెట్టు వాసన కొట్టింది. ఆ పూట ఆమెకు ఏడుపొచ్చింది. చివరికి పుదీనా దగ్గర కుదురుకుంది. అది దేన్నీ గుర్తు చెయ్యదు.

బల్ల దగ్గరికి మాత్రం వెళ్తూనే ఉంది. పిరిపి బావకు అది పండగ.

"ఏంటి రిపెకా, కెటిల్ మరిగినట్టుందే. టీ పోస్తావా?"

"నీ నోట్లో పోస్తా, మరుగుతూ ఉండగానే."

"దానికి కరెంటు పెట్టాలంటగా? కరెంటు పోయిన రోజు ఏం చేస్తావు, నన్ను నాకుతావా?"

"నిన్ను నాకితే వాంతికి వేరే మందు అక్కర్లేదు బావా."

నవ్వుకునేవాళ్ళు. కానీ ఆ నవ్వుల మధ్య ఆమెకు ఒకటి తోచేది. ఈ వేప్ కాలదు, కురచ కాదు, అయిపోదు. ఎప్పుడు లేవాలో చెప్పదు. రెండు గుక్కలు పీల్చి జేబులో పెట్టుకుంటే పని అయిపోయినట్టూ కాదు, మిగిలి ఉన్నట్టూ కాదు. ఎవరికీ సగం ఇవ్వడానికి లేదు. పక్క చోటు ఖాళీగా ఉంటే ఇదివరకు సిగరెట్ పొగైనా కాసేపు అక్కడ కూర్చునేది. ఈ ఆవిరి నోట్లోంచి రాగానే ఎటు పోతుందో పోతుంది.

చలికాలం నడిమికి దగ్గు తగ్గింది. పొద్దున్నే కళ్ళె పడటం పోయింది. వైమరీ దగ్గర గొట్టంలోకి ఊదితే ముల్లు ఇదివరకటి కన్నా పైకి పోయింది. ఇంటి వెనక కొండ ఎక్కడానికి ఇంతకుముందు చోటుచోటా ఆగేది, ఇప్పుడు ఆగకుండా పైకి పోతోంది. ఆ కొండ మీదే గొంతు సాధన చెయ్యమంది పిన్ని. ఒక్క షరతు పెట్టింది. మాటలు వాడకూడదు. ఊరికే అచ్చులు సాగదియ్యాలి. పిలుపు మాటలు ఆటకు వాడేవి కావు.

రిపెకా అలాగే చేసేది. సముద్రం వైపు తిరిగి, కడుపులోంచి ఊపిరి తీసి, గొంతును గాలిపటంలా వదిలేది. రోజురోజుకూ దారం పెరుగుతోంది. ఒకరోజు గొంతు ఎంత దూరం పోయిందంటే, అది ఎక్కడ ఆగిందో ఆమెకే తెలియలేదు. ఆ సంతోషంలో నోరు జారింది. "పరతెనె, రా" అని పేరు పెట్టి పిలిచేసింది. పిలిచి, చెవులు రిక్కించి నిలబడింది.

కాసేపటికి వెనక గడ్డి నలిగిన చప్పుడైంది. తిరిగి చూస్తే పిరిపి బావ ఆవులు. మంద మందంతా దిగి వచ్చి కంచె మీద తలలు పెట్టి ఆమెనే చూస్తున్నాయి.

ఆ రోజు బల్ల దగ్గర బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "పిలిచినదానివి తిండి కూడా పెట్టాలి కదా. నా ఆవులకి ఇవాళ భోజనం నీ ఇంట్లోనే."

కుయినీ పిన్ని మాత్రం నవ్వలేదు. "పేరు పెట్టి పిలిచావా? పిలిస్తే వస్తారే. వచ్చినవాణ్ణి ఇంట్లోకి తెచ్చి కూర్చోబెట్టాలి. నువ్వు పిలిచి, ఆవుల్ని చూసి దిగి వచ్చేశావు. వాడు కొండ మీద ఎదురుచూస్తూ నిలబడడా?"

రిపెకా మర్నాడు చీకటితోనే కొండెక్కింది. గడ్డి మీద మంచు ఎక్కడా తొక్కినట్టు లేదు. అయినా పొద్దెక్కేదాకా అక్కడే కూర్చుంది. అతను వచ్చి నిలబడ్డాడని నమ్మితే బాధ. రాలేదని నమ్మితే ఇంకా బాధ. జేబులోంచి వేప్ తీసి, మళ్ళీ పెట్టేసుకుంది. అప్పుడు ఆమెకు కావలసింది పొగ కాదు. పొగ తాగే చోటున పక్కన ఒక తొడ, ఆ తొడ మీద ఒక తెల్ల కాగితం.

మళ్ళీ ఆకులు రాలే కాలం వచ్చింది. హోకియాంగా వాళ్ళు శనివారం వస్తున్నామని కబురు పెట్టారు. ఊరంతా పనిలో పడింది. ఆల్చిప్పలు బస్తాలకొద్దీ వచ్చాయి. పంది మాంసం, చిలగడదుంపలు మట్టిపొయ్యిలో పూడ్చారు. రిపెకాను ఎవరూ కత్తి పట్టనివ్వలేదు.

"నువ్వు గొంతు చూసుకో, దుంపల సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు పిరిపి బావ. "వాళ్ళక్క అన్న మాట నాకింకా చెవిలో ఉందే రిపెకా. ఈల వేస్తారా అంది. ఇవాళ దాని చెవులు చిల్లులు పడాలి" అన్నాడు.

ఆమెకూ ఆ మాట చెవిలోనే ఉంది. ఏడాదిగా అది పుండు మీద కారంలా ఉంది. ఎరానా ముందు గొంతు విరగకూడదు. విరిగితే పరతెనెను తీసుకుపోవడం సబబేనని తన నోటితో తానే ఒప్పుకున్నట్టు.

నల్ల గౌను వేసుకుని, తలకు పచ్చి ఆకుల దండ చుట్టుకుని ఆమె సభ ఇంటి అరుగు ముందు నిలబడింది. పక్కన కుర్చీలో కుయినీ పిన్ని. గేటు అవతల జనం చేరారు. అందరి ముందూ ఎరానా, నల్లబట్టల్లో, ఫొటో గుండెకు హత్తుకుని. ఫొటోలో పరతెనె టోపీ పెట్టుకుని, ఏదో అనబోయి ఆగినట్టున్నాడు.

రిపెకా ఊపిరి తీసింది.

పిలుపు ఆమె అనుకున్నట్టు రాలేదు. అనుకున్నదాని కన్నా బాగా వచ్చింది. రండి, దూరపు నీళ్ళు దాటి వచ్చినవాళ్ళారా, మీ వీపుల మీద మోసుకొస్తున్నవాణ్ణి తీసుకుని రండి అని గొంతు పచ్చిక మీదుగా సాగి గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. ఆగి ఉన్న బస్సు డ్రైవరు టోపీ తీశాడు. జనం కదిలారు. అడుగులో అడుగు వేసుకుంటూ సగం దూరం వచ్చి, రివాజు ప్రకారం పోయినవాళ్ళను తలుచుకోవడానికి ఆగారు.

ఇక రెండో పిలుపు. అది అతన్ని అరుగు దాకా తేవాలి. వచ్చి మీ వాళ్ళ మధ్య పడుకో అని దాని అర్థం. ఆ పిలుపు అయిపోతే ఫొటోను అరుగు మీద పెడతారు, తర్వాత గోడ మీది పోయిన పెద్దల ఫొటోల పక్కన తగిలిస్తారు. రిపెకా అతని పేరు ఎత్తుకుంది. ఎత్తుకున్నాక వదలబుద్ధి కాలేదు. పిలుస్తున్నంతసేపూ అతను వస్తున్నవాడు. పిలుపు ఆగితే వచ్చేసినవాడు. వచ్చేసినవాడి కోసం ఇక ఎదురుచూడటం ఉండదు. అతని పొగ మాని సంపాదించిన ఊపిరంతా ఆమె అతని పేరు చివరి అచ్చు మీద పోసింది. అది సాగుతూనే ఉంది. జనం తలలెత్తి చూశారు. కుయినీ పిన్ని కర్ర నేలకేసి ఒకసారి తట్టింది. రిపెకా వినిపించుకోలేదు. ఫొటోతో ఎరానా పచ్చిక మధ్యలో నిలబడిపోయింది, కాలు ముందుకు వెయ్యడానికి లేదు, వెనక్కు తియ్యడానికి లేదు.

చివరికి ఊపిరే ఆగింది.

ఇప్పుడు జవాబు ఎరానా ఇవ్వాలి. ఆమె మొదలుపెట్టింది. బొంగురు గొంతు, గట్టిది. ఇదిగో మీ ఇంటి మనిషి, ఏడాది మా దగ్గర ఉంచుకున్నాం, మీ ఏడుపు మీకు బాకీపడ్డాం అని అంటోంది. మధ్యలో ఆ గొంతు గీరుకుంది. ఎరానా నోరు తెరిచే ఉంది, రొమ్ము ఎగిరెగిరి పడుతోంది, శబ్దం లేదు. దగ్గు ఆపుకోవడానికి ఫొటో చట్రం మీదికి వంగింది. ఆ దగ్గు ఏమిటో రిపెకాకు తెలుసు. ట్యాంకు గోడ పట్టుకుని తను దగ్గిన దగ్గే.

పచ్చిక మీద నిశ్శబ్దం మొదలైంది. పిరిపి బావ కళ్ళెత్తి రిపెకా వైపు చూశాడు. ఈ ఇంటికి రావలసిన న్యాయం అదిగో, నడి పచ్చికలో ఉంది. ఇంకో రెండు క్షణాలు ఊరుకుంటే చాలు. కానీ ఆ నిశ్శబ్దంలో నిలబడి ఉన్నది ఎరానా ఒక్కతే కాదు. ఆమె చేతుల్లో టోపీ పెట్టుకున్నవాడు కూడా.

రిపెకా ఊపిరి తీసుకుంది. వాళ్ళ మాట ఎక్కడ తెగిందో అక్కడే అందుకుంది. తీసుకొచ్చారు, చూశాం, ఇక నడవండి, అతన్ని అరుగు ఎక్కించండి, పడుకోబెట్టండి అని ఎరానా పిలుపునూ తన పిలుపునూ ఒకే దారంగా చివరిదాకా తీసుకెళ్ళి, తానే ముడి వేసింది. ఆపడం ఎంత కష్టమనుకుందో అంత కష్టం కాలేదు. ఎరానా అడుగు వేసింది. వాళ్ళంతా నడిచి వచ్చారు. పరతెనె అరుగు ఎక్కాడు.

మాటలయ్యాయి, ఏడుపులయ్యాయి. వచ్చినవాళ్ళు వరసగా నిలబడి ఒక్కొక్కరితో ముక్కు ముక్కు ఆనించుకుంటూ జరుగుతున్నారు. రిపెకా ముందుకు ఎరానా వచ్చింది. ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని నుదురూ ముక్కూ ఆనించి, ఒకే గాలి పీల్చారు.

రిపెకా అలాగే ఉండిపోయింది. ఎరానా గౌనులో, జుట్టులో, ఊపిరిలో అదే వాసన. అదే తడి పొగాకు, అదే కాగితం, అదే ఇంట్లో పుట్టి పెరిగిన ఒంటి చెమట. ఏ సీసాలోనూ దొరకనిది.

"నీ గొంతు బాగుంది మరదలా" అంది ఎరానా, ముక్కు తియ్యకుండానే, మెల్లిగా. "ఏం చేశావు?"

"పొగ మానేశాను వదినా."

"అందుకా, పుదీనా వాసనొస్తున్నావు. వాడుంటే ఎగతాళి చేసేవాడు." మరదలి భుజం తట్టింది. "ఏంటే, కుక్కపిల్లలా వాసన చూస్తున్నావు నన్ను. వెనక జనం ఆగిపోయారు. కూడు చల్లారిపోతుంది."

"ఆగనీ వదినా" అంది రిపెకా. "ఇంకొంచెం సేపు."

ఎరానా భుజాలు సడలించి, మరదలి మీదికి ఇంకాస్త వంగి, నిండా ఊపిరి వదిలింది.